‘సెట్’ పెద్దదా, ‘రన్’ పెద్దదా: ఇంగ్లీషు మాటల అర్థాలను లెక్కపెట్టి పోల్చే పద్ధతి

హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాల స్టడీ హాళ్లలో పోటీ పరీక్షలకు చదివేవారిని ఇంగ్లీషులో అత్యధిక అర్థాలున్న మాట ఏదని అడిగితే కొందరు ‘సెట్’ అంటారు, కొందరు ‘రన్’ అంటారు. ఒకరు 430 అనే అంకె చెబితే మరొకరు 645 అని చెబుతారు. ఆ రెండు అంకెలూ ఎవరో కల్పించినవి కావు. అయితే వాటిని పక్కపక్కన పెట్టి ఏది పెద్దదో తేల్చడం మాత్రం సరైన పద్ధతి కాదు. ఎందుకు కాదో తెలిస్తే, ఏ రెండు మాటలనైనా ఒక మంచి నిఘంటువు, ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకొని ఎవరికి వారే పోల్చుకోవచ్చు.

ముందుగా ఆ అంకెలు ఎక్కడివో చూడాలి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ తొలి కూర్పు 1928లో పూర్తయింది. 20 సంపుటాల రెండవ కూర్పు 1989లో వెలువడింది. ఆ రెండవ కూర్పులో ‘సెట్’ అనే క్రియకు విడిగా 430 అర్థాలు, ‘సెట్ అప్’, ‘సెట్ ఆఫ్’ వంటి జంట క్రియలనూ పలుకుబళ్లనూ కలుపుకుంటే సుమారు 580 అర్థాలు ఉన్నాయి. వాటిని వివరించడానికే దాదాపు 60,000 మాటలు పట్టాయి. ఆ తరువాత నిఘంటువును తిరగరాసే పనిని ‘ఎమ్’ అక్షరం నుంచి మొదలుపెట్టారు. అక్కడి నుంచి అతి పొడవైన వివరణ గల మాట మారుతూ వచ్చింది: 2000లో ‘మేక్’, 2007లో ‘పుట్’, 2011లో 645 అర్థాలతో ‘రన్’. ముందుకు వచ్చిన ప్రతి మాటా అప్పుడే కొత్తగా సవరించినదే. పాత కూర్పులోని ‘సెట్’ను కొత్త సవరణలోని ‘రన్’తో పోల్చడమంటే, పాత పహాణీలోని ఒక చెలక విస్తీర్ణాన్ని కొత్త సర్వేలోని పక్క చెలక విస్తీర్ణంతో పోల్చి, ఫలానాది పెద్దదని వాదించడమే.

కాబట్టి పోల్చదలచిన రెండు మాటలనూ ఒకే నిఘంటువులో, ఒకే కూర్పులో చూడాలి. విద్యార్థుల కోసం తయారైన చిన్న నిఘంటువైనా ఫరవాలేదు. అంకెలు చిన్నవిగా వస్తాయి గానీ రెంటికీ కొలత ఒకటే అవుతుంది. లోపలి పేజీలో ముద్రించిన కూర్పు సంవత్సరాన్ని నోటు పుస్తకంలో మొదటి పంక్తిలోనే రాసుకోవాలి.

తరువాత నామవాచకాన్నీ క్రియనూ విడదీయాలి. పత్తర్‌గట్టి దుకాణంలో హారమూ కమ్మలూ కలిపి చూపించే ముత్యాల సెట్‌లోని ‘సెట్’ వేరు, అదే దుకాణంలో ఉంగరానికి రాయి సెట్ చేయించడంలోని ‘సెట్’ వేరు. రెండవది పాత ఇంగ్లీషులో కూర్చోబెట్టడం అనే అర్థమున్న ‘సెట్టన్’ నుంచి వచ్చింది. మన కూర్చొనడానికీ కూర్చోబెట్టడానికీ ఉన్న చుట్టరికమే ఇంగ్లీషులో ‘సిట్’కూ ‘సెట్’కూ ఉంది. మొదటిది పాత ఫ్రెంచి ద్వారా లాటిన్ ‘సెక్టా’ నుంచి వచ్చి, తరువాతి కాలంలో క్రియ ప్రభావానికి లోనయింది. క్రికెట్ బ్యాటూ గబ్బిలమనే బ్యాటూ పలుకులో ఒకటే అయినా అసలు చుట్టాలే కావు. ఇలాంటి మాటలకు మంచి నిఘంటువులు వేర్వేరు సంఖ్యలిచ్చి విడివిడిగా చూపుతాయి. వాటిని కలిపి లెక్కించకూడదు. ఇక ఈఏపీసెట్, ఐసెట్‌లలోని ‘సెట్’ కామన్ ఎంట్రన్స్ టెస్ట్ అనే మూడు మాటల మొదటి అక్షరాల కూర్పు మాత్రమే గనుక ఈ లెక్కలోకి రానే రాదు.

లెక్క మొదలుపెట్టే ముందు కొన్ని నియమాలను మనమే ఖాయం చేసుకోవాలి. ప్రధాన అంకెలను మాత్రమే లెక్కిస్తామా, వాటి కింద అక్షరాలతో చూపిన ఉపార్థాలనూ లెక్కిస్తామా, జంట క్రియలను చేరుస్తామా, వాడుకలో లేని పాత అర్థాలను ఉంచుతామా అన్నవి ముందే తేలాలి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు అంతరించిన అర్థాల పక్కన చిన్న కత్తి గుర్తు వేస్తుంది గనుక వాటిని వేరు చేయడం తేలికే. ఏ నియమం పెట్టుకున్నా తప్పులేదు, కానీ మొదటి మాటకు ఒక నియమం, రెండవ మాటకు ఒక నియమం అయితే లెక్క చెడుతుంది.

అసలు కష్టం, రెండు వాడుకలు ఒకే అర్థమా, వేర్వేరు అర్థాలా అని తేల్చడంలో ఉంది. నిఘంటుకారులు సైతం ఇక్కడ ఒకరితో ఒకరు ఏకీభవించరు. దీనికి ఒక చక్కటి పరీక్ష ఉంది: రెండు వాడుకలనూ ఒకే క్రియ కింద ఒకే వాక్యంలో కట్టి చూడాలి. ఆమె హాస్టల్‌నూ మెస్‌నూ ‘రన్’ చేస్తోందంటే ఎవరికీ వింతగా ఉండదు, ఎందుకంటే రెంటిలోనూ ఉన్నది నిర్వహణే. ఆమె నెక్లెస్ రోడ్డు మీద మారథాన్‌నూ, అమీర్‌పేటలో హాస్టల్‌నూ ‘రన్’ చేసిందంటే మాత్రం నవ్వొస్తుంది. ఆ నవ్వే రెండు అర్థాలూ వేరని చెప్పే గుర్తు. తెలుగులోనూ ఇదే జరుగుతుంది. వానా వడగళ్లూ పడ్డాయంటే మామూలు వాక్యం. ఒకటో తారీఖున ఖాతాలో జీతమూ వీధిలో వానా పడ్డాయంటే హాస్యం.

అనుమానం తీరకపోతే వ్యతిరేక పదం వెతకాలి. సూర్యుడు ‘సెట్’ కావడానికి ఎదురు ‘రైజ్’, ఐస్‌క్రీమ్ ‘సెట్’ కావడానికి ఎదురు ‘మెల్ట్’. ఎదురు మాటలు వేరు గనుక అర్థాలూ వేరే.

తెలుగు అనువాదాన్ని మాత్రం తూకపురాయిగా వాడకూడదు, మనలో చాలామంది చేసేది ఆ పనే అయినా సరే. మనిషి పరుగెత్తుతాడు, బస్సు నడుస్తుంది, కాలువలో నీళ్లు పారతాయి, జలుబు చేస్తే ముక్కు కారుతుంది, కొత్త చీర తడిస్తే రంగు దిగుతుంది, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా వంద రోజులు ఆడుతుంది, అమెరికాలో అభ్యర్థి ఎన్నికల్లో పోటీ చేస్తాడు: వీటన్నిటికీ ఇంగ్లీషులో ‘రన్’ ఒక్కటే సరిపోతుంది. (ఇంగ్లీషులో పరుగెత్తే బస్సు తెలుగులో నడుస్తుంది, సాయంత్రం ఆరు గంటలకు పంజాగుట్ట కూడలిని చూసినవారికి తెలుగే సబబనిపిస్తుంది.) ఇన్ని తెలుగు క్రియలున్నాయి గనుక ఇన్ని అర్థాలని లెక్క కట్టరాదు, ఎందుకంటే పారడమూ కారడమూ ఇంగ్లీషు దృష్టిలో ద్రవం ప్రవహించడమనే ఒకే కొమ్మకు చెందినవి. దీనికి విరుద్ధంగా బస్సూ నడుస్తుంది, కిరాణా కొట్టూ బాగా నడుస్తుంది. తెలుగు క్రియ ఒకటే అయినా ఇంగ్లీషు నిఘంటువు ఆ రెండు ‘రన్’లను వేర్వేరు చోట్ల పెడుతుంది.

ఈ కొమ్మలను కాగితం మీద గీసుకోవడం ఎంతో మేలు. మధ్యలో మూలార్థం రాసి, దాని చుట్టూ నాలుగైదు పెద్ద కొమ్మలు, ఒక్కో కొమ్మకు సొంతంగా కూర్చిన ఒక్కో వాక్యం రాయాలి. ‘సెట్’కు మూలం ఒక వస్తువును దాని చోట కుదురుగా ఉంచడం అనుకుంటే, ఉంగరంలో రాయి పొదగడం, విరిగిన ఎముకను సరిచేసి కట్టడం, అలారం పెట్టడం, పెళ్లి తేదీ ఖాయం చేయడం, సిమెంటు గట్టిపడటం అన్నీ ఆ కాండం నుంచే చీలినట్లు కనిపిస్తాయి. ‘రన్’లో ఆ కాండం కదలిక. వందల అర్థాలను బట్టీ పట్టే అవస్థ ఈ బొమ్మతో తప్పుతుంది.

పద్ధతి చేతికి వచ్చిందో లేదో చూసుకోవడానికి తెలుగులోని ‘పడు’ను ఇదే తీరున కొలిచి చూడవచ్చు. కాలు జారి పడటం, వికెట్ పడటం, కేసు పడటం, జీతం పడటం విడి క్రియ కిందికి వస్తాయి. కష్టపడటం, భయపడటం, కనపడటం ఇంగ్లీషు జంట క్రియల మాదిరిగా వేరే పట్టికలోకి వెళ్లాలి. దుకాణాల బోర్డుల మీద కనిపించే ‘రిపేరు చేయబడును’లోని ‘బడు’ కేవలం వ్యాకరణపు పని చేస్తుంది కాబట్టి దానికి మూడో పట్టిక కావాలి. మూడింటినీ కలిపేస్తే ‘పడు’ ముందు ‘సెట్’ చిన్నబోవచ్చు గానీ అది న్యాయమైన పోటీ కాదు.

పరీక్షలో ఈ ప్రశ్న ఎదురైతే ముందు అందులో సంవత్సరం గానీ కూర్పు గానీ ఉందేమో చూడాలి. 1989 కూర్పు అని ఉంటే ‘సెట్’ను, 2011 సవరణ అని ఉంటే ‘రన్’ను గుర్తించాలి. ఏదీ చెప్పకుండా రెండు మాటలనూ ఎంపికల్లో ఇస్తే ప్రశ్నే అసంపూర్ణమైనది; ప్రాథమిక కీ వెలువడ్డాక అభ్యంతరం తెలపదలిస్తే ఈ కూర్పుల తేదీలను ఆధారంగా జతచేయవచ్చు.