పరాయి దేశంలో ఇల్లు కొనాలా, అద్దెకుండాలా: లెక్క వేసే పద్ధతి

“ఇప్పుడు కట్టే అద్దెకి ఇంకో నాలుగు రాళ్లు కలిపితే ఈఎంఐ అయిపోతుంది, ఇల్లు మనదవుతుంది.” ఉద్యోగం మీద వేరే దేశం వెళ్లినవాళ్లు రెండో ఏడాదికల్లా ఈ మాట అనుకోవడం మొదలుపెడతారు. ఇందులో రెండు పొరపాట్లున్నాయి. అద్దె కడితే ఇంటి ఖర్చు దాదాపు అక్కడితో సరి. ఈఎంఐ అలా కాదు, దాని మీద ఆస్తి పన్ను, బీమా, మరమ్మతులు, అపార్ట్‌మెంటయితే మెయింటెనెన్సు వచ్చి పడతాయి. రెండోది, లోను పాతికేళ్లకి, వీసా మూడేళ్లకి. స్థానికుడి లెక్కకీ ప్రవాసి లెక్కకీ తేడా వచ్చేది ఇక్కడే. అందుకే ధర కంటే ముందు క్యాలెండరు చూడాలి.

ముందు తేదీలు

ఒక కాగితం మీద నాలుగు రాయండి. వీసా లేదా వర్క్ పర్మిట్ ఏ రోజుతో ముగుస్తుంది, ఉద్యోగ ఒప్పందం ఎప్పటిదాకా, శాశ్వత నివాసానికి ఎప్పుడు అర్హత వస్తుంది, పిల్లలు బడి మారాల్సిన ఏడాది ఏది. భార్యాభర్తల్లో ఒకరి వీసా ఇంకొకరి ఉద్యోగం మీద ఆధారపడితే అదీ పక్కన రాసుకోండి. ఇద్దరి జీతాలూ చూపించి తీసుకున్న లోను అయినా, ఆ ఒక్క ఉద్యోగం పోతే రెండు జీతాలూ ఒకేసారి ఆగిపోవచ్చు.

ఉండాలనుకునే కాలం వేరు, ఉండనిస్తామని కాగితం మీద ఉన్న కాలం వేరు. లెక్కలో వేయాల్సింది రెండోదే. అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోయాక గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఇల్లు అమ్మకానికి పెట్టి, కొనేవాడు దొరికి, అతని లోను మంజూరై, కాగితాలు మారేసరికి ఆ 60 రోజులు ఇట్టే దాటిపోతాయి. తొందరలో ఉన్న అమ్మకందారుని కొనేవాడు పసిగడతాడు, ధర అక్కడే పడిపోతుంది.

కాగితం మీద ఉన్న కాలం మూడేళ్లలోపు అయితే ఇక మిగతా లెక్క అక్కర్లేదు, అద్దెకే ఉండండి. శాశ్వత నివాసం చేతికొచ్చి పదేళ్లు కదలమని తెలిస్తే మీ లెక్క స్థానికుల లెక్కే. చిక్కంతా మధ్యలో ఉన్నవాళ్లకి.

అసలు కొననిస్తారా?

ఇల్లు వెతికే ముందే ఆ దేశం మీ వీసా మీద కొనుగోలుకి ఒప్పుకుంటుందో, ఎంత అదనంగా వసూలు చేస్తుందో ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూడండి. ఏజెంటు మాట సరిపోదు, ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి.

సింగపూర్‌లో విదేశీయులు ఇల్లు కొంటే 2023 ఏప్రిల్ 27 నుంచి అదనపు స్టాంపు డ్యూటీయే 60 శాతం. అదే శాశ్వత నివాసికి మొదటి ఇంటి మీద 5 శాతం. అంటే అక్కడ పీఆర్ రాకముందు కొనడం గురించి ఆలోచించడమే దండగ. కెనడా 2023 జనవరి 1 నుంచి విదేశీయుల కొనుగోళ్లు ఆపేసింది, తర్వాత ఆ నిషేధాన్ని 2027 జనవరి 1 దాకా పొడిగించింది. వర్క్ పర్మిట్‌లో కనీసం 183 రోజులు మిగిలి ఉన్నవాళ్లకి మాత్రం సడలింపు ఇచ్చింది. ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ 1 నుంచి తాత్కాలిక నివాసులు పాత ఇళ్లు కొనకుండా ఆపింది. థాయ్‌లాండ్‌లో మామూలుగా భూమి మీ పేరున రాదు, కాండో (పెద్ద భవనంలో ఒక ఫ్లాటు) కొనుక్కోవచ్చు కానీ ఒక భవనం మొత్తం విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం దాటకూడదు. మెక్సికోలో తీరానికి 50 కిలోమీటర్లు, సరిహద్దుకి 100 కిలోమీటర్ల లోపల ఇల్లు కొనాలంటే బ్యాంకు ట్రస్టు ద్వారానే. ఇంగ్లండ్‌లో కొనడానికి ముందరి 12 నెలల్లో 183 రోజులు బ్రిటన్‌లో లేకపోతే మామూలు స్టాంపు డ్యూటీకి తోడు ఇంటి ధరలో ఇంకో 2 శాతం అదనం. దిగిన నెలలోనే కొన్నవాడికీ ఏడాది ఆగి కొన్నవాడికీ తేడా ఈ 2 శాతం. తర్వాత 183 రోజులు ఉంటే వాపసు అడగొచ్చు, కానీ ముందు కట్టాల్సిందే.

లెక్క

ఇంటి ధర 100 అనుకుందాం, కరెన్సీ ఏదైనా సరే. డౌన్ పేమెంట్ 25, లోను 75, వడ్డీ 5 శాతం, గడువు 25 ఏళ్లు. కొన్నప్పుడు పన్ను, లాయరు లేదా నోటరీ, ఇంటి తనిఖీ, లోను ఫీజులు కలిపి 6. అమ్మేటప్పుడు ఏజెంటుకీ లాయరుకీ అమ్మకం ధరలో 4 శాతం. అలాంటి ఇంటికే ఏడాది అద్దె 4.5.

మొదటి ఏడాది మళ్లీ చేతికి రాని ఖర్చులు రాయండి. వడ్డీ 3.75. ఆస్తి పన్ను, బీమా 0.7. మరమ్మతులకి 1 (ఏడాదికి ఇంటి ధరలో 1 శాతం పక్కన పెట్టాలన్నది మామూలు అంచనా, పాత ఇల్లయితే ఇంకా ఎక్కువే). జేబులోంచి పెట్టిన 31 వేరేచోట ఉంటే 4 శాతం చొప్పున వచ్చేది 1.24. అంతా కలిపితే 6.69. ఈఎంఐలో అసలు కిందికి పోయేదాన్ని ఇందులో కలపకూడదు, అది మీ సొమ్మే. అయితే మొదటి ఏడాది అది 1.57 మాత్రమే, అంటే కట్టిన ఈఎంఐల్లో 30 శాతం కూడా కాదు.

అద్దె 4.5, సొంతిల్లు 6.69. కొన్నవాడే ఏడాదికి 2.19 ఎక్కువ పెడుతున్నాడు. అది తిరిగి రావాలంటే ఇంటి ధర పెరగాలి. ఏడాదికి 3 శాతం పెరిగిందనుకుంటే మొదటి ఏడాది మిగులు 0.81. కొనడానికీ అమ్మడానికీ పోయిన 10ని దీనితో భాగిస్తే 12 ఏళ్లు దాటుతుంది. కానీ అద్దె కూడా ఏటా 3 శాతం పెరుగుతుంది కాబట్టి మిగులు ఏటికేడు పెద్దదవుతుంది. అన్నీ వేసి చూస్తే ఎనిమిదో ఏడాది మధ్యలో సొంతిల్లూ అద్దిల్లూ సరిసమానం అవుతాయి.

ఇప్పుడు మూడో ఏడాది చివర ఊరు వదలాల్సి వచ్చిందనుకోండి. అప్పటికి కూడిన మిగులు 3, కొనుగోలు అమ్మకాల ఖర్చు 10.4. నష్టం 7.4, అంటే పెట్టిన 31లో దాదాపు పావు వంతు. ధర అసలు పెరగకపోతే అదే మూడేళ్లకి 16 దాకా పోతుంది, సగానికి పైనే. ధర పడకుండా ఉంటేనే ఇలా ఉంది. పది శాతం పడితే ఆ 10 అంతా మీ 25లోంచే పోతుంది, బ్యాంకు 75లోంచి ఒక్క పైసా తగ్గదు.

మీ అంకెలు వేసి ఇదే లెక్క స్ప్రెడ్‌షీటులో చేయండి. ధర పెరుగుదలని 0, 2, 4 శాతాలుగా మూడుసార్లు మార్చి చూడండి. ఎక్కువమంది తప్పు చేసేది కొనుగోలు ఖర్చు దగ్గర. జర్మనీలో ఇంటి బదిలీ పన్నే రాష్ట్రాన్ని బట్టి 3.5 నుంచి 6.5 శాతం, నోటరీ, రిజిస్ట్రీ, బ్రోకరు ఆ పైన. పై లెక్కలో 6 బదులు 10 వేస్తే సరిసమానమవడం ఇంకో రెండేళ్లకి పైగా ఆలస్యమవుతుంది.

ఇంకొకటి. కంపెనీ హౌసింగ్ అలవెన్సు ఇస్తుంటే అది అద్దెకేనా, ఈఎంఐకీ వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. అద్దె రసీదు చూపిస్తేనే ఇచ్చే పద్ధతి అయితే, కొన్న రోజునుంచి ఆ 4.5 కూడా మీ జేబులోంచే. అలాంటప్పుడు కొనడానికి డబ్బుపరంగా కారణం దాదాపు ఉండదు.

లోను, కరెన్సీ

విదేశీయుడికి బ్యాంకు చూసేవి మూడు: ఆ దేశంలో మీ క్రెడిట్ చరిత్ర, ప్రొబేషన్ ముగిసిందా, వీసాలో మిగిలిన కాలం. వీటిలో ఒకటి తక్కువైనా డౌన్ పేమెంట్ ఎక్కువ అడుగుతారు, లేదా వడ్డీ కాస్త పెంచుతారు. స్థానిక సహోద్యోగికి వచ్చిన రేటు మీకూ వస్తుందని లెక్క వేయకండి. ఇల్లు చూసే ముందే ప్రీ-అప్రూవల్ కాగితం (ఎంత లోను ఇవ్వగలదో బ్యాంకు ముందే రాసిచ్చేది) తెచ్చుకోండి.

ఫిక్స్‌డ్ రేటు లోను ముందుగా తీర్చేస్తే ఎంత జరిమానా అన్నది సంతకానికి ముందే అడగాల్సిన ప్రశ్న. జర్మనీలో రేటుని పదేళ్లకి మించి ఫిక్స్ చేసుకున్నా, డబ్బు పూర్తిగా అందిన పదేళ్ల తర్వాత ఆరు నెలల నోటీసుతో జరిమానా లేకుండా బయటపడొచ్చు. ఆ లోపు ఇల్లు అమ్మితే బ్యాంకు పోగొట్టుకున్న వడ్డీకి పరిహారం కట్టించుకుంటుంది. ఇది పై లెక్కలోని 4 శాతానికి అదనం.

జీతం ఏ కరెన్సీలో వస్తుందో లోనూ ఆ కరెన్సీలోనే ఉండాలి. వడ్డీ తక్కువని పోలండ్‌లో చాలా కుటుంబాలు స్విస్ ఫ్రాంకుల్లో ఇంటి లోన్లు తీసుకున్నాయి. 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు యూరోతో ఫ్రాంకుకి పెట్టిన 1.20 హద్దు తీసేయగానే ఫ్రాంకు ఒక్కసారిగా పైకి లేచింది. జీతాలు పోలండ్ కరెన్సీ అయిన జ్లోటీల్లోనే ఉన్నాయి, అప్పు మాత్రం ఆ రోజే పెరిగిపోయింది. డౌన్ పేమెంట్ వేరే దేశం నుంచి తెస్తుంటే రెండు మూడు విడతలుగా మార్చుకోండి, డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో చూపే స్టేట్‌మెంట్లు ముందే దింపి పెట్టుకోండి. అవి లేక చివరి వారంలో ఆగిపోయే కొనుగోళ్లు తక్కువేం కాదు.

అద్దెకే అని తేలితే

అద్దెకుండటం డబ్బు తగలేయడం కాదు, ఎప్పుడంటే అప్పుడు లేచి వెళ్లగలిగే స్వేచ్ఛకి కట్టే ధర. ఆ స్వేచ్ఛ ఒప్పందంలో ఉందో లేదో చూసుకోకపోతే మాత్రం డబ్బూ పోతుంది, స్వేచ్ఛా ఉండదు. రెండేళ్ల ఒప్పందం రాసి ఎనిమిదో నెలలో ఉద్యోగం పోతే మిగిలిన పదహారు నెలల అద్దె ఎవరిది? సింగపూర్‌లో దీనికోసం డిప్లొమాటిక్ క్లాజ్ రాయించుకోవడం మామూలు. సాధారణంగా 12 నెలలు నిండాక, ఉద్యోగం పోయినా బదిలీ అయినా రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయొచ్చు. ఎక్కడున్నా ఇలాంటి వాక్యం ఒకటి అడగండి, అందులో “బదిలీ”, “ఉద్యోగం ముగియడం”, “వీసా పొడిగించకపోవడం” మూడూ విడివిడిగా ఉండాలి. ఒక్క బదిలీ అని రాస్తే ఉద్యోగం పోయినప్పుడు అది పనికిరాదు.

డిపాజిట్‌కి చట్టం పెట్టిన హద్దు తెలుసుకోండి. జర్మనీలో కరెంటు, హీటింగ్ కలపని అద్దెకి మూడు నెలలు, దాన్నీ మూడు వాయిదాల్లో కట్టొచ్చు. దిగిన రోజే ఖాళీ ఇల్లు గది గదికీ వీడియో తీసి, అదే రోజు ఇంటి ఓనరుకి ఈమెయిల్ చేయండి. ఫోనులో ఉన్న వీడియో కంటే తేదీతో పంపిన ఈమెయిల్‌కే బలం. సింకు కింద, కిటికీ అంచులు, వాషింగ్ మెషిన్ వెనక గోడ వీడియోలో తీయడం మర్చిపోతారు, బూజు పేరుతో కోతలు పడేది అక్కడే.

కొనాలనే తేలితే

ముందు ఆ పేటలోనే ఆరు నెలలో ఏడాదో అద్దెకుండండి. చలికాలంలో ఎండ తగలని ఇల్లు, రాత్రి పదికి మొదలయ్యే వీధి హోరు, తెల్లారే నిండిపోయే పార్కింగ్ ఒక్క ఆదివారం మధ్యాహ్నం చూస్తే తెలియవు. తర్వాత మీరు డబ్బిచ్చి పెట్టుకున్న ఇన్‌స్పెక్టర్‌తోనే తనిఖీ చేయించండి, ఏజెంటు చూపించిన మనిషితో కాదు. అపార్ట్‌మెంటయితే గత మూడేళ్ల అసోసియేషన్ మీటింగుల మినిట్స్, నిధి నిల్వ అడగండి. కప్పు మార్చాలి, లిఫ్టు మార్చాలి అని రెండేళ్లుగా చర్చ జరుగుతూ నిధి ఖాళీగా ఉంటే ఆ బిల్లు కొత్త ఓనరుకే వస్తుంది. మీకు అర్థంకాని భాషలో ఉన్న ఒప్పందానికి అధీకృత అనువాదం లేకుండా సంతకం పెట్టొద్దు.

ఎంచుకునేటప్పుడు మీకు నచ్చిన ఇంటికంటే, తేలిగ్గా అద్దెకి పోయే ఇల్లు మేలు. రైలు స్టేషనుకి నడక దూరంలో ఉన్న రెండు పడకగదుల ఫ్లాటు ఊరి చివర పెద్దింటికంటే త్వరగా చేతులు మారుతుంది.

వెళ్లిపోయే రోజు

దేశం వదిలాక ఆ ఇంటిని అద్దెకివ్వాలనుకుంటే లోను ఇచ్చిన బ్యాంకు అనుమతి కావాలి. చెప్పకుండా ఇస్తే బీమా కూడా చెల్లకపోవచ్చు. బ్రిటన్‌లో, పన్ను శాఖ అనుమతి తెచ్చుకోకపోతే, విదేశంలో ఉన్న ఓనరు అద్దెలో ప్రాథమిక రేటు పన్ను పట్టుకునే ఏజెంటు లేదా అద్దెకున్నవాళ్లు మిగతాది పంపుతారు. పన్నుల కోణంలో అమెరికాలో నాన్ రెసిడెంటుగా మారాక అమ్మితే కొనేవాడు సాధారణంగా అమ్మకం ధరలో 15 శాతం పట్టి పన్ను శాఖకి కడతాడు. లాభం మీద కాదు, మొత్తం ధర మీద. లాభమే లేకపోయినా రిటర్ను వేసి వాపసు తెచ్చుకునేదాకా ఆ డబ్బు చేతికి రాదు. అక్కడ స్థిర నివాసం లేని విదేశీయుడు చనిపోతే ఎస్టేట్ ట్యాక్స్ (చనిపోయినవారి ఆస్తి మీద పన్ను) మినహాయింపు 60,000 డాలర్లే. అందుకే కొనేముందు వీలునామా, జీవిత బీమా గురించి అక్కడి లాయరుతో ఒక గంట కూర్చోండి.

విమానం ఎక్కే ముందు పవర్ ఆఫ్ అటార్నీ ఆ దేశంలోనే నోటరీ ముందు రాయించండి. వేరే దేశానికి వెళ్లాక రాస్తే అపోస్టిల్ (కాగితం అసలైనదేనని వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) కావాలి, లేదంటే ఆ దేశపు ఎంబసీ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడాలి. అందులో “అమ్మే అధికారం”, “బ్యాంకు లోను మూసే అధికారం”, “డబ్బు ఫలానా ఖాతాకి మళ్లించే అధికారం” వేర్వేరు వాక్యాలుగా ఉన్నాయో లేదో చూడండి. ఆ ఖాతా మీరు వెళ్లాక కూడా పనిచేస్తుందని బ్యాంకుతో రాయించుకోండి. చిరునామా మారిందని కొన్ని బ్యాంకులు ఖాతా మూసేస్తాయి, ఈఎంఐ తప్పిపోయిన సంగతి మీకు తెలిసేది రెండు నెలల తర్వాతే.