రాక్ పాటలో గిటార్ వెనక్కి పోతోందా? హెడ్‌ఫోన్స్‌లో మిడ్‌రేంజ్ సమస్యలు, వాటి కారణాలు, పరిష్కారాలు

రాక్ సంగీతం కోసం హెడ్‌ఫోన్స్ కొనేవారిలో చాలామంది బేస్ ఎంత గట్టిగా కొడుతుందో చూస్తారు గాని, ఆ సంగీతానికి అసలు బలం మిడ్‌రేంజ్‌లో, అంటే ఉజ్జాయింపుగా 300 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్యలో ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటార్‌ను మామూలు పద్ధతిలో శ్రుతి చేసినప్పుడు అన్నిటికన్నా లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర, అన్నిటికన్నా సన్న తీగ 330 హెర్ట్జ్ దగ్గర మోగుతాయి. వాటికి డిస్టార్షన్, అంటే యాంప్‌లో కావాలని శబ్దాన్ని చీల్చే ప్రక్రియ, తోడైనప్పుడు పుట్టుకొచ్చే అతిస్వరాలే (మూలస్వరానికి పైన మోగే స్వరాలే) గిటార్ గర్జనగా మనకు వినిపిస్తాయి. గిటార్ యాంప్‌లోని స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటిన తర్వాత దాదాపు పలకదు కాబట్టి, ఆ గర్జనలో ఎక్కువ భాగం మిడ్‌రేంజ్‌లోనే ఇమిడి ఉంటుంది. గాయకుడి మాటల స్పష్టత, స్నేర్ డ్రమ్ మీద పడే దెబ్బలోని చురుకు కూడా అక్కడివే. అందువల్ల హెడ్‌ఫోన్స్ ఆ భాగాన్ని నాలుగైదు డెసిబెల్స్ తగ్గిస్తే చాలు, మూడూ ఒకేసారి దెబ్బతింటాయి.

అయితే మిడ్స్ (మిడ్‌రేంజ్ శబ్దాలు) వినబడని ప్రతిసారీ తప్పు హెడ్‌ఫోన్స్‌దే కానక్కరలేదు. సెట్టింగు వల్ల, జాక్ వల్ల, ప్యాడ్ల వల్ల, కొన్నిసార్లు రికార్డింగ్ వల్ల కూడా అలా జరుగుతుంది. కాబట్టి డబ్బు ఖర్చు కాని కారణాలను ముందు వెతికి, కొత్త సెట్ కొనే ఆలోచనను చివరికి ఉంచడం మంచిది.

గొంతు, గిటార్ దూరంగా ఉన్నాయి. బేస్, డ్రమ్స్‌లోని తాళాల (సింబల్స్) చప్పుడు మాత్రం ముందుకు వస్తున్నాయి

ముందుగా ఫోన్‌లోని ఈక్వలైజర్‌ను తెరిచి చూడాలి. అందులో "రాక్" అనే పేరుతో ఉన్న అమరికను ఎంచుకుని ఉంటే, చాలా యాప్‌లలో అది బేస్‌ను, ట్రెబుల్‌ను పెంచి మధ్య భాగాన్ని కిందికి దించుతుంది. పేరు చూసి మనం మంచిదనుకుని పెట్టుకున్న అమరికే గిటార్‌ను వెనక్కి నెడుతుంది. దాన్ని తీసేసి అన్ని గీతలనూ సున్నా దగ్గర ఉంచి, బేస్ బూస్ట్, సరౌండ్ వంటి హంగులన్నిటినీ ఆపి, అదే పాటను అదే వాల్యూంలో మళ్లీ వినాలి.

అప్పటికీ మార్పు లేకపోతే హెడ్‌ఫోన్స్ ట్యూనింగే, అంటే ఏ శబ్దాన్ని ఎంత పలికించాలని తయారీలో పెట్టిన అమరికే అలాంటిదన్నమాట. రెండు కొసలూ పైకి, మధ్య కిందికి ఉండే ఈ ట్యూనింగ్ డ్యాన్స్ పాటలకు హుషారునిస్తుంది. మన విశాఖపట్నంలో జగదాంబ సెంటర్‌లోనో డాబాగార్డెన్స్‌లోనో దుకాణంలో నిలబడి ఒక్క నిమిషం వింటే అది ఇట్టే ఆకట్టుకుంటుంది కూడా. ఒక ఆల్బం మొత్తం విన్నప్పుడు గాని అందులో లోటు తెలియదు. దీన్ని ఈక్వలైజర్‌తో కొంతవరకు సరిదిద్దవచ్చు. 100 నుంచి 250 హెర్ట్జ్ మధ్య మూడు డెసిబెల్స్ తగ్గించి, 1,000 నుంచి 2,500 మధ్య రెండు డెసిబెల్స్ పెంచి చూడండి. తగ్గించడం మొదట, పెంచడం తర్వాత అన్న వరుసను పాటించాలి, ఎందుకంటే పెంచిన చోట సిగ్నల్ హద్దు దాటి చీలిపోయే ప్రమాదం ఉంటుంది. ప్రీయాంప్ (మొత్తం సిగ్నల్ స్థాయిని మార్చే) గీత ఉన్న యాప్‌లో, ఎంత పెంచారో అంత మేరకు దాన్ని దించాలి. ఈ మార్పుతో పాట మీ మనసుకు నచ్చినట్లు వినిపిస్తే, తర్వాత కొనబోయే హెడ్‌ఫోన్స్‌లో ఏం వెతకాలో మీకు ఖాయంగా తెలిసినట్లే. నా దృష్టిలో ఈ పరీక్ష ఏ సమీక్ష కన్నా విలువైనది.

గొంతు పూర్తిగా మాయమైంది, గిటార్లు మాత్రం ఉన్నాయి

ఇది ట్యూనింగ్ సమస్య కాదు, జాక్ సమస్య. 3.5 మిల్లీమీటర్ల పిన్ను దగ్గరగా పెట్టుకుని చూస్తే దాని మీద నల్లటి సన్న పట్టీలు, వాటి మధ్య లోహపు భాగాలు కనిపిస్తాయి. కొన ఎడమ చెవికి, దాని పక్క భాగం కుడి చెవికి వెళ్తాయి. ఆ వెనుక ఉన్న గ్రౌండ్ రెండింటికీ ఉమ్మడిది. పిన్ను పూర్తిగా లోపలికి దిగకపోయినా, గ్రౌండ్ తీగ తెగినా, రెండు చెవులకూ కుడి ఎడమల మధ్య ఉన్న తేడా మాత్రమే అందుతుంది. గాయకుడి గొంతు, కిక్ డ్రమ్, బేస్ గిటార్ సాధారణంగా రెండు వైపులా సమానంగా రికార్డయి ఉంటాయి కాబట్టి ఒకదానినొకటి కొట్టేసుకుని మాయమవుతాయి. రాక్ రికార్డింగుల్లో ఒకే గిటార్ భాగాన్ని రెండుసార్లు వాయించి చెరో వైపు పెట్టడం పరిపాటి గనుక అవి మాత్రం మిగిలిపోతాయి.

మొదటి అనుమానం ఫోన్ కవర్ మీద ఉండాలి. మందమైన కవర్ అంచు పిన్ను దిగకుండా ఆపుతుంది. కవర్ తీసి ఒకసారి గట్టిగా నొక్కి చూస్తే చాలా సందర్భాల్లో గొంతు తిరిగి వస్తుంది. రెండో అనుమానం చిలుము మీద ఉండాలి. ఆర్‌కే బీచ్, పెదవాల్తేరు వంటి సముద్రానికి దగ్గరి ప్రాంతాల్లో ఉప్పుగాలి లోహపు కొసలను త్వరగా పాడుచేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో పిన్నును తుడిచి, పూర్తిగా ఆరనిచ్చిన తర్వాతే పెట్టాలి. వైరును పిన్ను దగ్గర కొద్దిగా వంచినప్పుడు గొంతు వచ్చి పోతూ ఉంటే తీగ లోపల తెగినట్లు. పిన్ను మార్పించుకోవడమే దారి.

రిపేరు చేయించాక గొంతు మధ్యలో నిలవడం లేదు

రెండు చెవులూ పలుకుతాయి, వాల్యూం కూడా సమానంగానే ఉంటుంది, అయినా గాయకుడు తల మధ్యలో కాకుండా చుట్టూ చెదిరిపోయినట్లు అనిపిస్తాడు, బేస్ పలచబడుతుంది. ఒక వైపు డ్రైవర్‌కు (శబ్దాన్ని పుట్టించే చిన్న స్పీకర్‌కు) రెండు తీగలూ తారుమారుగా సోల్డర్ చేస్తే ఇలా జరుగుతుంది. ఫోన్‌లోని యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మోనో ఆడియోను ఆన్ చేసి వింటే నిర్ధారణ అవుతుంది: సరిగా ఉన్న సెట్‌లో శబ్దం తల మధ్యన ఒక చుక్కలా నిలుస్తుంది, తారుమారైన సెట్‌లో మధ్య ఖాళీగా ఉండి రెండు చెవుల దగ్గరా తోసినట్లుంటుంది. రిపేరు చేసినవారి దగ్గరికి వెళ్లి ఒక వైపు తీగలను మాత్రమే మార్చమని అడగాలి. రెండు పిన్నుల కేబుల్ ఉన్న ఇయర్‌ఫోన్స్‌లో ఒక వైపు తిరగేసి గుచ్చినా ఇదే లక్షణం కనిపిస్తుంది. అక్కడ తీసి సరిగా గుచ్చితే సరిపోతుంది.

ల్యాప్‌టాప్‌లో మీటింగ్ మొదలవగానే పాట ఫోన్ కాల్‌లా మారిపోతుంది

రుషికొండ, మధురవాడ వైపు ఐటీ ఆఫీసుల్లో పనిచేసేవారికి ఇది బాగా పరిచయమైన బాధ. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లోని మైక్‌ను ఏ యాప్ అయినా వాడుకోవడం మొదలుపెట్టగానే, పాత పద్ధతి బ్లూటూత్‌లో సంగీతపు మార్గం ఆగి కాల్ మార్గం తెరుచుకుంటుంది. అది మోనో, సెకనుకు 8,000 గాని 16,000 గాని నమూనాలు మాత్రమే తీసుకుంటుంది కాబట్టి 4,000 లేదా 8,000 హెర్ట్జ్ దాటిన శబ్దమేదీ వినిపించదు. మీటింగ్ యాప్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్ సొంత మైక్‌ను ఎంచుకుంటే సమస్య పోతుంది. మీటింగ్ ముగిశాక కూడా అలాగే ఉంటే, వెనకాల మైక్‌ను పట్టుకుని ఉన్న యాప్‌ను మూసివేయాలి.

ఇంట్లో బాగుంది, బస్సులో పలచబడుతోంది

గాజువాక నుంచి మద్దిలపాలెం వైపు వెళ్లే సిటీ బస్సులో ఇంజన్ రొద ఎక్కువగా కింది పౌనఃపున్యాల్లో ఉండి బేస్‌ను, దానికి ఆనుకుని ఉన్న గిటార్ కండను కప్పేస్తుంది. వాల్యూం పెంచితే పై మిడ్స్ చెవిని కుడతాయి తప్ప పోయినది తిరిగి రాదు. ప్రయాణానికి చెవులను పూర్తిగా మూసే క్లోజ్డ్ బ్యాక్ రకం గాని, సరైన కొలత రబ్బరు టిప్స్ ఉన్న ఇయర్‌ఫోన్స్ గాని, నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవి గాని కావాలి. కళ్లజోడు కాడలు ప్యాడ్ కింద సందు వదిలినా బేస్ కారిపోయి పాట సన్నబడుతుందని గుర్తుంచుకోవాలి.

వెనుక జాలీ ఉండే ఓపెన్ బ్యాక్ రకం మిడ్స్‌ను సహజంగా పలికిస్తుందన్న పేరు నిజమే. కానీ మన ఊళ్లో ఏడాదిలో చాలా నెలలు ఫ్యాన్ లేకుండా గదిలో కూర్చోలేము, ఆ ఫ్యాన్ గాలి చప్పుడంతా జాలీ గుండా లోపలికి వస్తుంది. రాత్రి పూట నిశ్శబ్దమైన గదిలో వినేవారికే దాన్ని సిఫారసు చేస్తాను.

గిటార్ ముందుకు వచ్చింది గాని అరగంటకే చెవులు నొప్పెడుతున్నాయి

మనిషి చెవి నాళం సహజంగానే 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాన్ని పెంచుతుంది, చెవికి అన్నిటికన్నా ఎక్కువ సున్నితత్వం కూడా ఆ ప్రాంతంలోనే. మిడ్స్ బలంగా ఉండాలన్న కోరికతో కొన్న సెట్ 2,000 నుంచి 5,000 మధ్య మరీ ఎత్తుగా ఉంటే రాక్ గిటార్ రంపంలా తగులుతుంది. కావలసింది నిండైన మిడ్స్. అరిచే మిడ్స్ కాదు. 3,000 దగ్గర రెండు మూడు డెసిబెల్స్ దించి చూడాలి, అంతకన్నా ముందు వాల్యూం దించాలి. వారానికి 40 గంటలు వినేవారికి 80 డెసిబెల్స్ హద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90 డెసిబెల్స్‌లో అయితే ఆ సమయం 4 గంటలకు పడిపోతుంది. చెవిలో హోరు మిగిలితే ఆ రోజుకు సంగీతం ఆపేయాలి. ఈ విషయంలో ఏ రాయితీ తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

కొన్నప్పుడు బాగుండేది, క్రమంగా మారిపోయింది

డ్రైవర్ పాడవడం కన్నా ప్యాడ్లు పాడవడమే ఎక్కువ. విశాఖ ఉక్కపోతలో చెమట తగిలి ప్యాడ్ మీద రెక్సిన్ పొరలుగా ఊడుతుంది, లోపలి ఫోమ్ అణగి చెవి డ్రైవర్‌కు దగ్గరవుతుంది, సీల్ పోయి మొత్తం స్వరమే మారుతుంది. అదే మోడల్‌కు తయారైన ప్యాడ్లను వేయించండి. కొలత సరిపోయిందని వేరే రకం వేస్తే మిడ్స్ ఇంకో తీరుకు మారిపోవచ్చు. విన్న తర్వాత పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెడితే ఎక్కువకాలం వస్తాయి.

ఒక ఆల్బంలో మాత్రమే ఏదో లోపించింది

అది ఆ రికార్డింగ్ తీరు. 1988లో వచ్చిన అమెరికన్ మెటల్ బృందం మెటాలికా ఆల్బం "... అండ్ జస్టిస్ ఫర్ ఆల్"లో బేస్ గిటార్ దాదాపు వినబడదు, మిక్సింగ్‌లోనే దాన్ని అంతగా తగ్గించారు. దానితో హెడ్‌ఫోన్స్‌ను పరీక్షించకూడదు.

ఇవన్నీ చూశాక కొత్తవే కావాలని తేలితే

సెన్‌హైజర్ హెచ్‌డీ 600 1997 నుంచి మిడ్స్‌కు కొలబద్దగా నిలిచిన ఓపెన్ బ్యాక్ సెట్. అయితే దాని విద్యుత్ నిరోధం (ఇంపెడెన్స్) 300 ఓమ్స్ కాబట్టి ఫోన్‌కు నేరుగా పెడితే కొన్నింటిలో వాల్యూం చాలదు. 1 వోల్టు గాని అంతకన్నా ఎక్కువ గాని ఇచ్చే డాంగిల్‌ను (ఫోన్‌కు తగిలించే చిన్న హెడ్‌ఫోన్ యాంప్‌ను) దానితో పాటు లెక్కవేసుకోవాలి. బ్రూక్లిన్‌కు చెందిన గ్రాడో వారి ఎస్ఆర్80 వరుస గిటార్‌ను బాగా ముందుకు తెస్తుంది, రాక్ శ్రోతలు దాన్ని ఇష్టపడేది అందుకే. లోతైన బేస్ తక్కువ, పై మిడ్స్ పదును ఎక్కువ. క్లోజ్డ్ బ్యాక్ కావలసినవారికి ఆడియో టెక్నికా ఎం40ఎక్స్, దాని అన్న ఎం50ఎక్స్ కన్నా సమతూకంగా ఉంటుంది. బస్సులోనూ ఇంట్లోనూ ఒకటే సెట్ వాడేవారికి ఈ మూడింటిలో నేను సూచించేది ఇదే.

దుకాణానికి మీకు కంఠస్థమైన మూడు పాటలను మీ ఫోన్‌లోనే తీసుకెళ్లండి, ఈక్వలైజర్ ఆపి ఉంచండి. రెండు సెట్లను పోల్చేటప్పుడు వాల్యూం సమానం చేయడం తప్పనిసరి, ఎందుకంటే కాస్త గట్టిగా పలికేదే మేలైనదిగా తోస్తుంది. రెండు గిటార్లు ఒకేసారి మోగుతుండగా గాయకుడి ప్రతి మాటా అందుతోందా, రెండో గిటార్ ఏం వాయిస్తోందో విడిగా పట్టుకోగలుగుతున్నారా అన్నది గమనించండి. ఆ తర్వాత వాల్యూంను సగానికి దించి అదే చోటు మళ్లీ వినండి. అప్పుడు కూడా గిటార్ నిలబడి ఉంటే ఆ సెట్‌కు బిల్లు వేయించవచ్చు.