మలయాళం అయ్యప్ప పాటల్ని తెలుగులో రాసుకుని పుస్తకం వేయించడం, దాంతో పాటు భిక్ష లెక్కలు చూసుకోవడం ఎలా

కార్తీకం వచ్చిందంటే చాలు మా అనంతపురంలో ఏ పీఠంకి పోయినా ఎవరో ఒక స్వామి ఫోన్ పట్టుకుని మలయాళం పాట ప్రాక్టీస్ చేస్తుంటాడు, చేతిలో ఉండేది మాత్రం వాట్సాప్‌లో తిరిగే ఇంగ్లీషు అక్షరాల లిరిక్స్. ఫస్ట్ దాన్ని పక్కన పెట్టండి. కేరళ వాళ్ళు టీ హెచ్ అని టైప్ చేస్తే మామూలుగా అది త, మనోళ్ళు థ అని చదివేస్తారు, జెడ్ హెచ్ కనపడితే ఇంకా కష్టం, జ అని లాగించేస్తారు.

అందుకే మలయాళం లిపిలో ఉన్న పాటే వెతకండి. పుస్తకంలో ఉంటే గూగుల్ లెన్స్‌తో ఫోటో తీసి కాపీ చేసుకోవచ్చు. దాన్ని లిపి మార్చే అక్షరముఖ సైట్‌లో పేస్ట్ చేసి మలయాళం నుంచి తెలుగు అని పెడితే నిమిషంలో వచ్చేస్తుంది. కానీ అది సగం పనే, మిగతా సగం చెవితో చేయాల్సిందే, ఎందుకంటే వాళ్ళు రాసేది ఒకటి పలికేది ఒకటి.

రాతలో పంప అని ఉంటుంది, నోట్లో పంబ. పొన్నంపలమేట్ అని రాసుంటే పాడేది పొన్నంబలమేడ్. ఎన్ఱె అన్నట్టు కనపడేది ఎండెకి దగ్గరగా వినపడుతుంది, ఱ కింద ఱ వత్తు ఉంటే దాదాపు ట్ట. అట్లని సంస్కృతం మాటలకి కూడా ఇదే రూల్ పెట్టి శంకరన్‌ని శంగరన్ చేయొద్దు స్వామీ. రాత్రి నడ (గుడి తలుపు) మూసేటప్పుడు పాడే హరివరాసనం చాలావరకు సంస్కృతమే కాబట్టి దానికి ఇంత తంటా లేదు.

ఇంకొకటి, మాట చివర పొల్లు. అయ్యప్పన్ అని ఉంటే అట్లే ఉంచండి, మన నాలుక ఊరుకోదు, అయ్యప్పను అని ఉకారం తగిలిస్తుంది, ఒక అక్షరం పెరిగి తాళం పోతుంది. పొన్నంబలమేడ్ లాంటి మాటల చివర సగం ఉ లాంటి చిన్న శబ్దం ఉంటుంది, దాన్ని రాయకండి, విని పట్టుకోవాల్సిందే. శబరిమల దారిలో వచ్చే అఴుదా నది పేరులో ఉండే ఴ (పైన చెప్పిన జెడ్ హెచ్ ఇదే) చాలా ఫోన్లలో డబ్బాలాగా కనపడుతుంది, ళ రాసి కింద గీత పెట్టుకోండి.

సినిమా పాటలు, క్యాసెట్ పాటలు పుస్తకంలో వేయొద్దు, వాటికి హక్కుదారులు ఉంటారు. పాత భజనలు, శరణుఘోష చాలు. అక్షరాలు పెద్దవిగా వేయించండి, పడిపూజ అప్పుడు దీపాల వెలుగులో పెద్ద స్వాములకి చిన్న అక్షరం కనపడదు.

ఇంక డబ్బులు. నన్నడిగితే పుస్తకానికి రేటు పెట్టొద్దు, ప్రింటింగ్ ఖర్చు ఒకరిద్దరు పెట్టుకుంటే సరిపోతుంది (వాళ్ళ ఫోటో మాత్రం అయ్యప్ప ఫోటో కంటే చిన్నదిగా వేయండి, ప్లీజ్). భిక్షకి (అంటే మాల వేసుకున్న స్వాములకి పెట్టే భోజనానికి) డబ్బు కంటే వస్తువులు అడగడం మేలు, ఒకరు బియ్యం మూట, ఒకరు కందిపప్పు, ఒకరు నూనె డబ్బా, ఎవరేం ఇచ్చారో పీఠం గోడ మీద చార్ట్‌లో రాసేస్తే గొడవే ఉండదు. క్యాష్ వస్తే ఇద్దరు కూర్చుని లెక్కపెట్టి అదే రాత్రి నోట్‌బుక్ పేజీ ఫోటో గ్రూప్‌లో పెట్టాలి. ఫోన్‌పే ఒకరి సొంత నంబర్‌కి వేయించుకోవద్దు, మనిషి మంచోడే అయినా తర్వాత మాటలొస్తాయి, బ్యాంకులో జాయింట్ అకౌంట్ తీసుకోండి.

ట్యాక్స్ మినహాయింపు వస్తుందని ఎవరికీ చెప్పకండి. ఇన్‌కం ట్యాక్స్ వాళ్ళ మినహాయింపు అనుమతి (80జీ అంటారు) ఉన్న ట్రస్టుకైతేనే అది, అది కూడా పాత ట్యాక్స్ పద్ధతిలో ఉండేవాళ్ళకే, 2000 రూపాయలు దాటిన క్యాష్‌కి వర్తించదు. శబరిమల అన్నదానానికి ఇవ్వాలనుకునే వాళ్ళు ఆ గుడిని నడిపే దేవస్వం బోర్డుకే నేరుగా కట్టి రసీదు తీసుకోవాలి, మధ్యలో ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

భిక్షలో అన్నం మిగిలితే సాయంత్రం దాకా పెట్టకుండా వేడి మీదే సర్వజనాసుపత్రి దగ్గరికి తీసుకుపోండి, పేషెంట్ల వెంట వచ్చినోళ్ళు బయటే ఉంటారు, విస్తర్లు మాత్రం మీరే తీసుకెళ్ళాలి.