సెంటు స్థలంలో కంటైనర్ ఇల్లు: ముందు నీడ, తర్వాతే టైల్స్

తిరుపతి చుట్టుపక్కల సెంటు, సెంటున్నర స్థలం చేతిలో ఉండి కూడా ఇల్లు కట్టే డబ్బు కుదరక నెలనెలా అద్దెలు కడుతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. కరకంబాడి రోడ్డులో మాకు ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. వెల్డింగ్ మా ఆయన చూస్తారు. కొలతలు, ఎస్టిమేట్లు, వచ్చినవాళ్లతో మాట్లాడటం నా పని. "అక్కా, కంటైనర్ ఇల్లు ఎంతలో అయిపోతుంది?" అని అడిగినవాళ్లకు రేటు కన్నా ముందు నేను చెప్పే మాటలే ఇవి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మొదటే చెప్పేస్తాను. ఇనుప పెట్టెలో మనిషి సుఖంగా బతకగలడా లేదా అన్నది పైన వేసే నీడ, కింద కట్టే దిమ్మెలు, ఎదురెదురుగా పెట్టే కిటికీలు తేలుస్తాయి. చేతిలో డబ్బు తక్కువైతే టైల్స్, ఫాల్స్ సీలింగ్, ఏసీ ఆపేయండి. ఈ మూడింటిలో మాత్రం రూపాయి తగ్గించవద్దు.

పాత కంటైనరా, కొత్త క్యాబినా

ఓడల్లో సరుకు మోసిన పాత కంటైనర్ ఒక రకం. ఇనుప ఫ్రేముకు పఫ్ ప్యానెళ్లు (రెండు రేకుల మధ్య గట్టి నురుగు నింపిన పలకలు) బిగించి చేసే పోర్టా క్యాబిన్ రెండోది. పోసి తెచ్చే సిమెంటు స్తంభాలు, పలకలతో నిలబెట్టే రెడీమేడ్ గోడల గది మూడోది. మనవైపు కాంపౌండ్ గోడలకు వాడేవే ఆ పలకలు. మామిడి తోటలో కాపలా గదికి మూడో రకం చాలు. చెన్నై పెరుంబాక్కంలో కేంద్రం చేపట్టిన లైట్ హౌస్ ఇళ్ల ప్రాజెక్టు కింద 1152 ఫ్లాట్లను ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు భాగాలతోనే కట్టి 2022లో ప్రారంభించారు. కాబట్టి రెడీమేడ్ అంటే చిన్నచూపు అక్కర్లేదు. అయితే అది ఇంజనీర్ల డిజైనుతో చేసిన పని. కాంపౌండ్ పలకలతో మాత్రం ఎవరు చెప్పినా అంతస్తులు వేయకండి.

20 అడుగుల కంటైనర్ బయటి వెడల్పు 8 అడుగులు, ఎత్తు 8.5 అడుగులు. లోపల ఎత్తు 7 అడుగుల 10 అంగుళాలే. వేడి ఆపే పొర, సీలింగ్ బోర్డు, ఫ్లోరింగ్ వేశాక ఏడున్నర అడుగులు మిగులుతుంది. దానికి సీలింగ్ ఫ్యాన్ బిగిస్తే చేయెత్తిన మనిషికి రెక్క తగులుతుంది, గోడ ఫ్యాన్లే పెట్టుకోవాలి. 9.5 అడుగుల ఎత్తుండే హై క్యూబ్ మంచిదే కానీ అవి ఎక్కువగా 40 అడుగుల సైజులో వస్తాయి. అంత పొడవు బండి తిరిగే వీధులు మన కాలనీల్లో తక్కువ.

కుటుంబం ఎప్పటికీ ఉండాలనుకుంటే నేను క్యాబిన్ వైపే మొగ్గుతాను. 10 అడుగుల వెడల్పు, కావలసినంత ఎత్తు పెట్టుకోవచ్చు. ప్యానెళ్లుగా తెచ్చి సైటులోనే బిగిస్తే సందుల్లోకి కూడా చేరుతుంది. ఇల్లు దూరంగా ఉండి దొంగల భయం ఉన్నా, రేపు పైన ఇంకో గది ఎక్కించే ఆలోచన ఉన్నా కంటైనర్‌కు సాటి లేదు.

కాగితాల పని

"లారీలో వచ్చే పెట్టెకు ప్లాను ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. మనుషులు కాపురం ఉండేది, కరెంటు మీటరు పెట్టేది ఏదైనా ఇల్లే. కార్పొరేషన్‌లోనో, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలోనో, పంచాయతీలోనో మీ స్థలం ఎక్కడికి వస్తుందో తెలుసుకుని ముందే అడగండి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టా భూమి అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పెట్టెను కదిలించవచ్చు కాబట్టి ఎక్కడైనా దించొచ్చనుకోవద్దు.

ప్రభుత్వ ఇంటి పథకం డబ్బుతో కట్టాలనుకునేవాళ్లు కొలత చూసుకోవాలి. గ్రామీణ ఆవాస్ యోజనలో వంటగదితో కలిపి కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. ఒక 20 అడుగుల కంటైనర్ లోపల 14 చదరపు మీటర్లు కూడా రాదు. రెండు కలిపితే, గోడల పొర పోను, 25 బొటాబొటిగా వస్తుంది. పైగా బిల్లులు పునాది, గోడలు, స్లాబు అని దశల వారీగా ఇస్తారు. కంటైనర్‌లో ఆ దశలు ఉండవు. సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ను కలిసి, ఒప్పుకుంటారో లేదో తేల్చుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. బ్యాంకు లోను కావాలన్నా అంతే, ముందు మేనేజరును అడగాలి.

పెట్టె కొనేటప్పుడు

మనకు దగ్గర చెన్నైయే. మాధవరం, మణలి వైపు యార్డుల్లో కొని తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా తెస్తారు. ఫోటో చూసి కొనకండి. మీరే లోపలికి వెళ్లి, బయట ఒకరిని నిలబెట్టి తలుపులు మూయించండి. చీకట్లో పైనా పక్కలా చూస్తే వెలుతురు చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలన్నీ తుప్పు తిన్న రంధ్రాలే. తర్వాత అడుగు భాగంలో అడ్డంగా ఉండే ఇనుప దూలాలు చూడాలి. రంగు వేసి మెరిపించిన పెట్టెలో కూడా అక్కడ తుప్పు దాగదు. పైకప్పు సొట్టలు పడి ఉంటే వాన నీళ్లు నిలిచి అక్కడే తుప్పు తినేస్తుంది.

తలుపు మీద ఒక లోహపు ప్లేటు ఉంటుంది. తయారైన తేదీ దానిమీదే చూడాలి. నేలకు 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడతారు. పురుగు పట్టకుండా దానికి మందు పట్టించి ఉంటారు. పిల్లలు పాకే ఇంట్లో ఆ చెక్కను అలాగే వదలకూడదు. ఘాటు వాసన, నూనె మరకలు ఉంటే ఆ పెట్టెను వదిలేయండి. వాసన లేకపోయినా ఎపాక్సీ పూసి, పైన సిమెంటు ఫైబర్ బోర్డు పరిచి తర్వాతే మీ ఫ్లోరింగ్ వేయాలి. పాత రంగుల్లో సీసం కూడా ఉండొచ్చు కాబట్టి కోసేటప్పుడు, గీకేటప్పుడు పనివాళ్లకు మాస్కులు తప్పనిసరి. జీఎస్టీ బిల్లుతో పాటు కస్టమ్స్ సుంకం కట్టిన కాగితం కూడా అడిగి తీసుకోండి.

దిమ్మెలు

కంటైనర్ బరువంతా నాలుగు మూలల స్తంభాల మీదే ఉంటుంది. ఓడలో ఒకదానిమీద ఒకటి పేర్చడానికి అలా చేశారు. అందుకే 20 అడుగుల పెట్టెకు నాలుగు మూలలా గట్టి కాంక్రీటు దిమ్మెలు, నేల మెత్తగా అనిపిస్తే మధ్యలో ఇంకో రెండు పోయించాలి. ఎర్ర నేలలో గట్టి పొర తొందరగా తగులుతుంది. నల్ల నేలలో, చెరువు పక్క స్థలాల్లో ఇంజనీరుకు చూపించకుండా గుంత తవ్వవద్దు. దిమ్మె పైన ఇనుప ప్లేటును బోల్టులతో సహా కాంక్రీటులోనే పోసి, పెట్టె మూలలను దానికి వెల్డింగ్ చేయాలి.

ఈ వెల్డింగ్ ఎందుకని కొందరు పోట్లాడతారు. ఖాళీ 20 అడుగుల కంటైనర్ రెండుంపావు టన్నుల చిల్లర బరువు. దాని అడుగు వైశాల్యంతో లెక్క వేస్తే, నీళ్లు లోపలికి దూరకపోతే, జానెడు లోతు నీళ్లకే తేలిపోగలదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో మనం చూశాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పెద్ద వానలు. ఆ ఏడాది మీ స్థలంలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇరుగుపొరుగును అడిగి, ఆ గుర్తుకు ఒక అడుగు పైన పెట్టె కింది భాగం ఉండేలా దిమ్మెలు లేపండి. కింద గాలి ఆడితే తుప్పు కూడా తగ్గుతుంది. పైన రెండో పెట్టె ఎక్కించే ఆలోచన ఉంటే ఆ బరువుకూ సరిపడా దిమ్మెలు ఇప్పుడే పోయించాలి.

ఎండ నుంచి కాపాడుకోవడం

మే నెల మధ్యాహ్నం కంటైనర్ పైకప్పు పెనంలా కాలుతుంది. శ్రీకాళహస్తి వైపు ఇంకా కష్టం, పలమనేరు వైపు కొంత నయం. దీనికి నేను ఏసీ చెప్పను. కరెంటు బిల్లు భరించలేకే కదా ఇలాంటి ఇంటికి వచ్చేది.

మొదట దిక్కు చూడాలి. పొడవు గోడలు ఉత్తర, దక్షిణాలకు, పొట్టి గోడలు తూర్పు, పడమరలకు వచ్చేలా దించితే సాయంత్రపు ఎండ చిన్న గోడ మీదే పడుతుంది. ఉత్తరం గోడకు ద్వారం పెట్టుకుంటే వాస్తు చూసేవాళ్లకూ అభ్యంతరం ఉండదు. పడమటి పొట్టి గోడకు ఆనించి, వాయవ్యం మూల కలిసేలా, ఇటుకలతో బాత్రూం కట్టిస్తాను. ఎండను అదే ఆపుతుంది. బాత్రూం ఇనుప పెట్టె లోపల పెట్టడం నాకు అసలు ఇష్టం ఉండదు. రోజూ తడిసే చోట ఎంత పూత పూసినా కొన్నేళ్లకు నేలను తుప్పు తినేస్తుంది.

తర్వాత రెండో కప్పు. కంటైనర్ పైన అడుగున్నర ఖాళీ వదిలి, స్క్వేర్ ట్యూబు ఫ్రేము మీద రేకులు వేయాలి. మధ్యలో గాలి ఆడాలి కాబట్టి ఆ ఖాళీని మూయకండి, ఎలుకలు, పావురాలు దూరకుండా జాలీ కొట్టించండి చాలు. దక్షిణం వైపు మూడడుగులు, ఉత్తరం వైపు వసారా అంత బయటికి రావాలి. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, పెట్టె తీసుకునేది 160. మిగిలిన చోట ఆ వసారాయే మీకు రెండో గది. మధ్యాహ్నం ముసలివాళ్లు కూర్చునేది, పిల్లలు చదువుకునేది అక్కడే. ఫ్రేమును మూలల దగ్గర బోల్టులతో బిగించండి, పైన గది వేసే రోజు ఊడదీయడానికి వీలుంటుంది. గాలివానకు రేకు లేవకుండా హుక్కులు దగ్గర దగ్గరగా ఉండాలి. కంటైనర్ పైకప్పుకు తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించండి.

లోపలి గోడలకు రాతి పీచుతో చేసిన 50 మిల్లీమీటర్ల రాక్‌వుల్, దానిపైన సిమెంటు బోర్డు. థర్మోకోల్ చవకే, కానీ మంట అంటుకుంటుంది. పఫ్ కూడా కాలితే విషపు పొగ వదులుతుంది, కాబట్టి క్యాబిన్ కట్టినా పొయ్యి ఉన్న గోడకు రాక్‌వుల్ ప్యానెలే వాడాలి. పొరను ఇనుముకు ఆనించి ఖాళీ లేకుండా బిగించకపోతే చలికాలం తెల్లవారుజామున లోపలి ఆవిరి ఇనుము మీద నీరై బోర్డు వెనక కారుతుంది.

కోతలు, కిటికీలు, తలుపులు

గోడ రేకు ముడతలతోనే పెట్టె బలంగా నిలుస్తుంది. కిటికీకి ఎంత కోస్తే అంత బలం పోతుంది, అందుకే ప్రతి కోతకు చుట్టూ రెండంగుళాల స్క్వేర్ ట్యూబుతో చట్రం వెల్డింగ్ చేయాలి. మూల స్తంభాలను, పైనున్న పట్టీని ముట్టుకోకూడదు. రెండు పెట్టెలు కలిపి హాలు చేసేటప్పుడు మధ్య గోడ మొత్తం తీసేయమంటారు. రెండు చివర్లా రెండేసి అడుగులు ఉంచి, పైన దూలం ఇచ్చాకే కోయండి.

ఒక మాట ప్రాణానికి సంబంధించింది. కంటైనర్ పెద్ద తలుపులు బయటినుంచే తెరుచుకుంటాయి. వాటిని ఉంచుకుంటే బయటి కడ్డీలు పూర్తిగా తీయించి, లోపలినుంచి తెరిచే గడియ పెట్టించండి. ఇంటికి రెండు దారులు ఉండాలి. గ్యాస్ సిలిండర్ బయట చిన్న గూటిలో పెట్టి పైపు లోపలికి తీసుకోండి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే నిలుస్తుంది కాబట్టి పొయ్యి ఉన్న గోడకు నేల దగ్గర ఒక గాలి రంధ్రం, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండాలి. మనం రోజూ వేసే తిరగమాత పొగ పోవడానికీ అదే దారి.

కరెంటు విషయంలో వాదన లేదు. వైర్లన్నీ పైపుల్లో వెళ్లాలి, పెట్టె శరీరానికి రెండు చోట్ల ఎర్తింగ్ ఇవ్వాలి, షాక్ కొట్టగానే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించాలి.

దించే రోజు, డబ్బు ఇచ్చే పద్ధతి

హైడ్రా క్రేన్ నిలబడి తిరగడానికి చోటు ఉందా, వీధిలో కరెంటు తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయో రెండు రోజుల ముందే చూసుకోండి. తీగలు కిందికి ఉంటే లైన్‌మన్‌కు చెప్పి ఆ గంట సప్లై ఆపించాలి.

కొటేషన్ తీసుకునేటప్పుడు రవాణా, క్రేన్, దిమ్మెలు, రెండో కప్పు, బాత్రూం, సెప్టిక్ ట్యాంక్, వైరింగ్, జీఎస్టీ ఇవన్నీ కలిపి చెప్పారో లేదో ఒక్కొక్కటిగా అడగండి. చాలా చోట్ల చవక రేటు అంటే వీటిలో సగం లేనిదే. పక్కన మామూలు ఇటుకల గదికి మేస్త్రీ చెప్పిన లెక్క కూడా పెట్టుకుని పోల్చండి. కొన్నిసార్లు ఇటుకల గదే చవకగా తేలుతుంది, అప్పుడు అదే కట్టుకోమని నేనే చెబుతాను. డబ్బు పని జరిగిన కొద్దీ ఇవ్వండి. ఒక గట్టి వాన పడి ఎక్కడా చుక్క కారలేదని చూశాకే చివరి వాయిదా ఇస్తామని ముందే రాయించుకోండి. ఎండాకాలంలో దించితే పైన గంటసేపు పైపుతో నీళ్లు కొట్టించి చూడండి. మా షెడ్డులో మేమూ అలాగే తీసుకుంటాం.