చలికాలంలో నది ఒడ్డున సిస్కిన్ పిట్టలను చూడటం ఎలా?

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లు చాలామంది డిసెంబర్ రాగానే వాకింగ్ మానేస్తారు. నాకైతే ఏడాది మొత్తంలో ఆ రోజులే ఇష్టం. ఆకుల్లేని చెట్ల మీద సిస్కిన్ల గుంపులు దొరికేది అప్పుడే.

ముందు పిట్టను కాదు, చెట్టును వెతకండి. నది గట్టున, ఆకులు రాలిన కొమ్మలకు చిన్న చిన్న నల్లటి కాయలు గుత్తులుగా ఉంటే అది ఆల్డర్. కోస్తాలో పెరిగినవాళ్లయితే సరుగుడు కాయలే అనుకుంటారు, అంత దగ్గరి పోలిక. తడినేల ఇష్టపడే చెట్టు కాబట్టి నదులు, కాలువల వెంట తేలిగ్గానే దొరుకుతుంది.

చెట్టు దొరికాక ఎండ మీ వీపుకు తగిలేలా నిలబడండి. బ్రిటన్‌లో చలికాలపు సూర్యుడు మధ్యాహ్నమైనా కిందుగానే ఉంటాడు. ఎదురెండలో చూస్తే పిట్టలన్నీ నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. అవసరమైతే వంతెన దాటి అవతలి గట్టుకు వెళ్లండి, ఆ నడక వృథా కాదు.

ఇక మాట్లాడకుండా వినండి. పైనుంచి సన్నగా, ఆగకుండా కిచకిచలు వినిపిస్తాయి. గాలి లేకపోయినా నీళ్ల మీద పొట్టు, గింజలు రాలుతుంటే, పైన తింటున్నట్టే. నేను మొదటిసారి వాటిని కనిపెట్టింది అలాగే.

కళ్లతో కదలికను పట్టుకుని, చూపు తిప్పకుండా బైనాక్యులర్స్ పైకెత్తండి. 8x42 రకం (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం వెడల్పు 42 మి.మీ.) సరిపోతుంది. సిస్కిన్ పొడవు 12 సెంటీమీటర్లే, దాదాపు మన జీనువాయి అంత. కొమ్మ చివర తలకిందులుగా వేలాడుతూ, సన్నటి ముక్కును కాయలోకి దూర్చి గింజ లాగుతుంది. మగదానికి పసుపుపచ్చ ఒళ్లు, తల మీద నల్లటోపీ. ఆడదానికి టోపీ ఉండదు, ఒంటినిండా చారలు. రెండింటికీ రెక్క మీద పసుపు పట్టీ ఉంటుంది. గోధుమరంగు ఒళ్లు, ఎర్రటి నుదురు కనిపిస్తే అది రెడ్‌పోల్ అనే మరో పిట్ట, ఇదే గుంపులో కలిసి తిరుగుతుంది.

గుంపంతా ఒక్కసారిగా లేచిపోతే వెంటనే కదలకండి. చాలాసార్లు గాల్లో ఒక చుట్టు తిరిగి అదే చెట్టు మీదో, పక్క చెట్టు మీదో వాలతాయి.

ఫిబ్రవరి వచ్చేసరికి కాయలు ఖాళీ అవుతాయి. అప్పుడు నేల మీద, నీటి అంచున రాలిన గింజల దగ్గర చూడండి. ఇళ్ల తోటలకూ వస్తాయి. పొద్దుతిరుగుడు పప్పును ఫీడర్‌లో (పిట్టలకు మేత పెట్టే డబ్బాలో) వేలాడదీస్తే, దాన్ని మాత్రం వారానికోసారైనా కడిగి ఆరబెట్టండి. మురికి ఫీడర్ల దగ్గర ఈ జాతి పిట్టలకు ట్రైకోమోనోసిస్ అనే జబ్బు అంటుకుంటుంది.