పౌరసత్వ ప్రమాణానికి పిలుపు ఎప్పుడు? విశాఖ కలెక్టరేట్ నుంచి తేదీలు రాబట్టే పద్ధతి

విశాఖ అబ్బాయిని పెళ్లి చేసుకుని ఇక్కడే కాపురముంటున్న శ్రీలంక అమ్మాయి కావచ్చు, అమెరికా పాస్‌పోర్టుతో తిరిగొచ్చి ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వమున్న భారత మూలాలవారికి ఇచ్చేది) మీద ఉంటున్న డాక్టరు గారు కావచ్చు. భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుని, ప్రమాణం ఎప్పుడు చేయిస్తారని మహారాణిపేటలోని కలెక్టరేట్‌లో అడిగితే సాధారణంగా వినబడే జవాబు ఒకటే: "పైనుంచి రావాలండీ." అదే ప్రశ్నను సమాచార హక్కు చట్టం కింద రాసిచ్చినా పెద్ద తేడా ఉండదు. ఆ చట్టం కింద ఆఫీసులో ఉన్న రికార్డు ఇస్తారు. లేని లెక్క కట్టి ఇవ్వాల్సిన పని అధికారికి లేదని సుప్రీంకోర్టు 2011లోనే సీబీఎస్‌ఈ కేసులో తేల్చింది. కాబట్టి "ఎంతకాలం పడుతుంది?" అన్న మాట దరఖాస్తులో ఎక్కడా రాయకండి. ఫైలు మీద ఇప్పటికే పడి ఉన్న తేదీలు అడగండి. కాలం ఎంతో మీరే లెక్క కట్టుకోవచ్చు.

ముందు ఫైలు ఏ దారిన పోతుందో తెలియాలి. పౌరసత్వ చట్టం 1955లో సెక్షన్ 5 కింద రిజిస్ట్రేషన్ (పెళ్లి, భారత మూలాల్లాంటి బంధంతో పొందేది), సెక్షన్ 6 కింద నాచురలైజేషన్ (ఏళ్ల తరబడి ఇక్కడ నివసించి పొందేది). రెండింటికీ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పూర్తయ్యాక కేంద్ర హోంశాఖ ఫైలు నంబరు వస్తుంది. ప్రింటు, పత్రాలు కలెక్టరేట్‌లో ఇస్తారు. 2009 నాటి పౌరసత్వ నియమాల ప్రకారం కలెక్టరు తన నివేదికతో 60 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వానికి పంపాలి, రాష్ట్రం 30 రోజుల్లో ఢిల్లీకి పంపాలి. ఢిల్లీలో భద్రతా విచారణ అయ్యాక అంగీకార లేఖ వస్తుంది. ఆ తర్వాతే పాత పౌరసత్వం వదులుకున్నట్టు రుజువు, విధేయతా ప్రమాణం, చివరికి సర్టిఫికెట్. అంటే ఆలస్యం మహారాణిపేటలో జరగొచ్చు, వెలగపూడి సచివాలయంలో జరగొచ్చు, ఢిల్లీలో జరగొచ్చు. ఒక్క దరఖాస్తుతో మూడుచోట్లా తేలదు.

పౌరసత్వ సవరణ చట్టం (సీఏఏ) కింద, అంటే సెక్షన్ 6బీ కింద పెట్టుకున్నవాళ్ల దారి వేరు. 2024 మార్చిలో వచ్చిన నియమాల ప్రకారం పత్రాలు పరిశీలించి ప్రమాణం చేయించేది తపాలా శాఖ సీనియర్ సూపరింటెండెంటు లేదా సూపరింటెండెంటు నేతృత్వంలోని జిల్లా కమిటీ. అక్కడ ప్రమాణం ముందే అయిపోతుంది, నిర్ణయం తర్వాత వస్తుంది. వాళ్లు కలెక్టరేట్‌కు రాసి లాభం లేదు. తపాలా శాఖ కేంద్ర ప్రభుత్వానిది కనుక కింద ఢిల్లీ దరఖాస్తుకు చెప్పిన పద్ధతే వర్తిస్తుంది.

జిల్లా కూడా సరిచూసుకోండి. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా మూడు ముక్కలైంది. అచ్యుతాపురం, నర్సీపట్నం వాసులకు అనకాపల్లి కలెక్టరేట్, పాడేరు వైపు వాళ్లకు అల్లూరి సీతారామరాజు జిల్లా. విభజనకు ముందు పెట్టిన దరఖాస్తయితే ఫైలు ఏ తేదీన ఏ జిల్లాకు బదిలీ అయిందో కూడా ఒక అంశంగా అడగాలి.

ఇప్పుడు సంతకం సంగతి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. సమాచార హక్కు చట్టం సెక్షన్ 3 ఆ హక్కును "పౌరులందరికీ" ఇచ్చింది. పౌరసత్వం కోసం ఎదురుచూస్తున్న మనిషి ఇంకా పౌరుడు కాదు కదా! ఆ ఒక్క కారణంతో దరఖాస్తు వెనక్కి కొట్టే అవకాశం ఉంది. పౌరులు కానివారికి అసలు హక్కే లేదనడం సరికాదని ఢిల్లీ హైకోర్టు 2023లో చెప్పినా, దాన్ని పట్టుకుని విశాఖలో వాదించడం కంటే భారత పౌరులైన భర్తో, భార్యో, అత్తమామలో సంతకం చేయడం తేలిక.

అయితే దాంతో ఇంకో చిక్కు వస్తుంది. భార్య ఫైలు గురించి భర్త అడిగితే అది "మూడో వ్యక్తి వ్యక్తిగత సమాచారం" అంటారు. వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే సెక్షన్ 8(1)(జె)కు చేసిన సవరణ 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చాక ఈ అభ్యంతరం మరింత గట్టిపడింది. అందుకే దరఖాస్తులు రెండు పెట్టండి. ఒకటి పేర్లు లేని తేదీల కోసం. రెండోది మీ ఇంటి ఫైలు కోసం. ఈ రెండోదానికి పౌరసత్వం కోరుతున్న మనిషి సంతకం చేసిన సమ్మతి పత్రం, వారి పాస్‌పోర్టు నకలు జతచేయాలి. రెండూ ఒకే కాగితంలో కలిపితే ఇంటి ఫైలు మీది అభ్యంతరం మొత్తం దరఖాస్తును ముంచుతుంది.

కలెక్టరేట్‌కు రాసేది తెలుగులోనే చాలు. "పౌర సమాచార అధికారి, కలెక్టర్ కార్యాలయం, విశాఖపట్నం" అని సంబోధించి, సమాచార హక్కు చట్టం 2005 సెక్షన్ 6(1) కింద అడుగుతున్నట్టు మొదటి వాక్యంలోనే రాయండి. కారణం చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ వెసులుబాటు ఇచ్చింది. మొదటి దరఖాస్తులో అంశాలు ఇలా ఉండొచ్చు:

1. 2023 జనవరి 1 నుంచి 2025 డిసెంబర్ 31 వరకు పౌరసత్వ చట్టం సెక్షన్ 5, 6 కింద ఈ కార్యాలయానికి అందిన దరఖాస్తుల రిజిస్టరు నకలు. పేర్లు, చిరునామాలు, పాస్‌పోర్టు నంబర్లు సెక్షన్ 10 ప్రకారం తొలగించి ఇవ్వగలరు.
2. ఒక్కో దరఖాస్తుకు రికార్డులో ఉన్న తేదీలు: అందినది, పోలీసు విచారణకు పంపినది, నివేదిక తిరిగొచ్చినది, రాష్ట్ర ప్రభుత్వానికి పంపినది.
3. అంగీకార లేఖ వచ్చిన వాటికి: లేఖ అందిన తేదీ, విధేయతా ప్రమాణం చేయించిన తేదీ.
4. ఈ రోజుకు పెండింగ్‌లో ఉన్న దరఖాస్తులు, ఒక్కొక్కటి అందిన తేదీ.
5. ప్రమాణం చేయించే తేదీ, అధికారి నిర్ణయానికి సంబంధించి కార్యాలయంలో ఉన్న ఉత్తర్వులు, సర్క్యులర్ల నకళ్లు.

నాలుగో అంశం అనవసరమని తీసేయకండి. పూర్తయిన ఫైళ్లు మాత్రమే చూస్తే నిరీక్షణ తక్కువగా కనబడుతుంది. ఇరుక్కుపోయినవి ఆ లెక్కలోకే రావు. పోలీసు నివేదికలో ఏముందో మాత్రం అడగొద్దు, తేదీ చాలు. ఇంటెలిజెన్స్ బ్యూరో సెక్షన్ 24 కింద చట్టం పరిధికే బయట ఉంది, ఆ పేరు ఎత్తితే తిరస్కరణకు మీరే దారి చూపినట్టు.

ఇంటి ఫైలు దరఖాస్తులో హోంశాఖ ఫైలు నంబరు ఇచ్చి, నోట్‌షీట్ (ఫైలు మీద అధికారులు రాసిన వ్యాఖ్యల) నకళ్లు, ఫైలు ఏ తేదీన ఏ సీటుకు చేరిందో చూపే రికార్డు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో హోదాతో సహా అడగండి.

రుసుము రూ. 10. ఆంధ్రప్రదేశ్ నియమాల్లో మండల స్థాయి కార్యాలయానికి రూ. 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు, కలెక్టరేట్‌కు మాత్రం పదే. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు కార్డు నకలు జతచేస్తే అదీ అక్కర్లేదు. పోస్టల్ ఆర్డరు కొంటే "అకౌంట్స్ ఆఫీసర్" అని నింపే ఇవ్వండి, ఖాళీగా వదలొద్దు. దాని నంబరు దరఖాస్తులో రాయండి. నకళ్లకు పేజీకి రూ. 2 తర్వాత అడుగుతారు. వాళ్లు డబ్బు అడిగిన రోజు నుంచి మీరు కట్టే రోజు వరకు గడువు లెక్కలోకి రాదు, కనుక వెంటనే కట్టేయండి.

చేతికిస్తే రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. పోస్టులో అయితే స్పీడ్ పోస్టు. అందినట్టు ఆన్‌లైన్‌లో చూపించగానే ఆ పేజీ ప్రింటు తీసి దాచండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మాత్రం ఇవ్వకండి. అక్కడ అది అర్జీగా నమోదై సంబంధిత సెక్షన్‌కు పోతుంది, సమాచార హక్కు గడువు మొదలవలేదంటారు.

ఢిల్లీకి వెళ్లేది ఆర్‌టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో హోంశాఖను ఎంచుకుని పెట్టాలి. రుసుము అదే రూ. 10, కార్డుతోనో నెట్ బ్యాంకింగ్‌తోనో కట్టొచ్చు. పెట్టెలో 3000 అక్షరాలకు మించి పట్టదు, తెలుగు లిపి తీసుకోదు. ఇంగ్లీషులో రాయడమే మేలు. సమ్మతి పత్రం 1 ఎంబీలోపు పీడీఎఫ్‌గా జతచేయండి. ఈ పోర్టల్ కేంద్ర కార్యాలయాలకే. విశాఖ కలెక్టరేట్ దరఖాస్తు ఇక్కడ పెడితే తిప్పి పంపుతారు, పది రూపాయలు తిరిగి రావు. హోంశాఖను అడగాల్సినవి: ఆంధ్రప్రదేశ్ నుంచి అందిన దరఖాస్తుల తేదీలు, అంగీకార లేఖ ఇచ్చిన తేదీలు, సర్టిఫికెట్ జారీ తేదీలు. జిల్లా స్థాయిలో దరఖాస్తులు కొద్దిగానే ఉంటే పేరు తీసేసినా మనిషిని గుర్తుపట్టవచ్చని తిరస్కరించవచ్చు. రాష్ట్రం మొత్తానికి అడిగితే ఆ సాకు నిలబడదు.

తేదీలు చేతికొచ్చాక సగటు తీయకండి. ఉదాహరణకు లేఖ నుంచి ప్రమాణం వరకు ఐదు ఫైళ్లకు 40, 55, 60, 75, 400 రోజులు పట్టాయనుకుందాం. సగటు 126 రోజులు, కానీ అలా ఏ ఒక్కరికీ పట్టలేదు. వరుసలో పెట్టి మధ్యది తీసుకుంటే 60, మీకు పనికొచ్చే అంకె అది. ఆ 400 ఎందుకయిందో విడిగా చూడాలి. పాత పౌరసత్వం వదులుకున్న పత్రం ఆ దేశ రాయబార కార్యాలయం నుంచి ఆలస్యమైతే ఆ రోజులన్నీ ఈ లెక్కలోనే కలుస్తాయి. తప్పు కలెక్టరేట్‌ది కాకపోవచ్చు.

జవాబుకు గడువు దరఖాస్తు అందినప్పటి నుంచి 30 రోజులు. తమది కాని అంశాన్ని 5 రోజుల్లో సరైన కార్యాలయానికి బదిలీ చేయాలి. గడువు దాటితే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి, కారణం లేని ఆలస్యానికి రోజుకు రూ. 250 చొప్పున రూ. 25,000 వరకు అధికారికి జరిమానా పడొచ్చు. మౌనాన్ని తిరస్కరణగానే లెక్కించి, గడువు ముగిసిన 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. దానికి రుసుము లేదు. 30 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో తేల్చాలి. ఆ తర్వాత 90 రోజుల్లోపు రెండో అప్పీలు. కలెక్టరేట్, సచివాలయం మీదైతే రాష్ట్ర సమాచార కమిషన్‌కు, హోంశాఖ, తపాలా శాఖ మీదైతే కేంద్ర సమాచార కమిషన్‌కు. ఈ రెండూ తారుమారైతే అప్పీలు వెనక్కి వచ్చేలోపు 90 రోజులూ గడిచిపోతాయి.

ఈ దరఖాస్తుతో ఫైలు దానంతటది కదలదు. కలెక్టరేట్‌లోనే 60 రోజులు దాటిందని వచ్చిన తేదీల్లో తేలితే, జవాబు నకలు జతచేసి, ఏ తేదీకి పంపాల్సిందో చూపిస్తూ కలెక్టరుకు వినతిపత్రం ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. తర్వాత హైకోర్టులో రిట్ వేయాల్సి వస్తే వకీలు ముందుగా అడిగేవి ఆ రెండు కాగితాలే.