సీ షార్ప్ నుంచి విండోస్ ఫంక్షన్‌ని పిలవాలంటే

డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో చెప్పే గెట్‌డిస్క్‌ఫ్రీస్పేస్‌ఎక్స్‌నే తీసుకుందాం. సీ ప్లస్ ప్లస్‌లో విండోస్ హెడర్ కలిపి నేరుగా పిలిచేయొచ్చు. సీ షార్ప్‌లో బయటి లైబ్రరీలోని ఫంక్షన్‌ని వాడుకోనిచ్చే డీఎల్ఎల్‌ఇంపోర్ట్ పెట్టి, ఆ ఫంక్షన్ ఉన్న విండోస్ లైబ్రరీ కెర్నెల్32 పేరు చెప్పి, ఫంక్షన్ రూపాన్ని (అది తీసుకునే, ఇచ్చే విలువల రకాలను) మనమే రాయాలి.

నేను ముందు చూసేది ఆ రకాల సైజులే. విండోస్ సీ ప్లస్ ప్లస్‌లో లాంగ్ అంటే 32 బిట్లు, సీ షార్ప్‌లో 64. కాబట్టి అక్కడి లాంగ్‌కి ఇక్కడ ఇంట్ రాయండి. ఈ ఫంక్షన్ ఇచ్చే 64 బిట్ల లెక్కలకు మాత్రం యూలాంగ్ (మైనస్ విలువలు లేని 64 బిట్ల రకం).

డీఎల్ఎల్‌ఇంపోర్ట్‌లో, అక్షరాలను ఏ రూపంలో పంపాలో చెప్పే క్యార్‌సెట్‌ని యూనికోడ్‌గా పెట్టడం మరవద్దు. లేకపోతే తెలుగు ఫోల్డర్ పేర్లు ప్రశ్నార్థకాలైపోవచ్చు, నాకు అది అస్సలు సహించదు!

అక్కడే సెట్‌లాస్ట్‌ఎర్రర్‌ని ట్రూ చేసి, ఎర్రర్ కోడ్‌ని మార్షల్ క్లాస్‌లోని గెట్‌లాస్ట్‌విన్32ఎర్రర్‌తోనే చదవండి. విండోస్ సొంత ఫంక్షన్ గెట్‌లాస్ట్‌ఎర్రర్‌ని విడిగా ఇంపోర్ట్ చేస్తే, ఈలోగా రన్‌టైమ్ (సీ షార్ప్ ప్రోగ్రామ్‌ని నడిపే వ్యవస్థ) చేసే పనుల వల్ల ఆ విలువ మారిపోయి ఉండొచ్చు.